కణానికి బెండ్లు కట్టి, శబ్దంతో తోయడం

బావి ఈత నేర్పేటప్పుడు మన అనంతపురం పల్లెల్లో పిల్లోని నడుముకు బెండ్లు కడతారు. చాలకపోతే మునుగుతాడు. మరీ ఎక్కువైతే ఊరికే తేలుతుంటాడు తప్ప ఈత రాదు. మూలకణం రక్తంలో కొట్టుకుపోకుండా రక్తనాళం గోడకు అతుక్కోవాలని, దానికి సూక్ష్మబుడగలు అంటించి అల్ట్రాసౌండ్‌తో అటువైపు తోస్తారు. అందులోనూ మొదటి చిక్కు ఇదే.

ఒట్టి కణాన్ని శబ్దం పెద్దగా కదిలించలేదు. దాని సాంద్రత, అణిగే గుణం దాదాపు నీళ్లవే. వాయువు అలా కాదు, అలకు ఇట్టే అణిగి ఉబ్బుతుంది, అందుకే తోపు దానికి గట్టిగా తగులుతుంది. బుడగలో మామూలు గాలి నింపితే రక్తంలో క్షణంలో కరిగిపోతుంది. అందుకే సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ లాంటి బరువైన వాయువు నింపి, పైన ఫాస్ఫోలిపిడ్ పొర వేస్తారు. స్కానింగ్ బొమ్మ తేటగా రావడానికి ఆసుపత్రిలో వాడే కాంట్రాస్ట్ బుడగలు ఇక్కడ నేరుగా పనికిరావు, వాటి పొరలో బయోటిన్ అనే విటమిన్ ఉండదు. బయోటిన్ పొర ఉన్న బుడగ, మధ్యలో బయోటిన్‌ను గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్, కణం మీద బయోటిన్ తగిలించిన యాంటీబాడీ: అతుకు ఈ వరసలో పడుతుంది.

ఎన్ని అంటాలి? 15 మైక్రాన్ల కణం, సాంద్రత 1.06 అనుకుందాం. సెలైన్‌లో దాని బరువుకు 3 మైక్రాన్ల బుడగలు ఏడు సరిపోతాయి. అంతకు మించితే కణం పైకి లేస్తుంది. దీన్ని చూడటానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. కణాలు లెక్కపెట్టే గాజు పలక, న్యూబార్ ఛాంబర్ లోతు 0.1 మిల్లీమీటరు. చుక్క వేసి ఒక నిమిషం ఆగండి. ఒట్టి కణాలు 15 సెకన్లలోనే అడుక్కు చేరి ఉంటాయి. బెండ్లు బాగా పడినవి కవర్ గ్లాసు కిందివైపు కనిపిస్తాయి. ఫోకస్ కిందికొకసారి, పైకొకసారి తిప్పి రెండు చోట్లా లెక్కపెట్టండి. చాలామంది కింద మాత్రమే చూసి ‘ఏమీ అంటలేదు’ అని రాసేస్తారు.

అంటించాక సెంట్రిఫ్యూజ్ జోలికి పోవద్దు, బుడగలు పగులుతాయి. సన్న సూదితో గట్టిగా లాగినా సిరంజిలో శూన్యం ఏర్పడి అదే గతి. 20 గేజ్ లేదా అంతకంటే లావు సూది వాడి, వయల్‌కు గాలి పోయే రెండో సూది గుచ్చి, నిదానంగా తీయాలి. సిరంజిని కాసేపు కదపకుండా ఉంచితే బుడగలన్నీ ఒక పక్కకు చేరతాయి, తోసే ముందు మెల్లగా తిప్పండి.

ఇక ప్రవాహం. కేసీ కెనాల్ చూసినవాళ్లకు తెలుసు, నీటి పరుగంతా నడిమధ్యనే, గట్టు పక్కన నెమ్మది. సన్నని గొట్టంలోనూ అంతే: నడిమధ్య కణం సగటుకు రెట్టింపు వేగంతో పోతుంది. 0.5 మిల్లీమీటర్ల గొట్టంలో నిమిషానికి 0.12 మిల్లీలీటర్లు పంపితే సగటు వేగం సెకనుకు 10 మిల్లీమీటర్లు, మధ్యలో 20. శబ్దపు పట్టీ 5 మిల్లీమీటర్ల వెడల్పయితే కణానికి దొరికేది పావు సెకను. ఆలోగా గోడకు 0.25 మిల్లీమీటరు జరగాలంటే పక్కకు సెకనుకు 1 మిల్లీమీటరు వేగం కావాలి. దీన్ని బట్టే పల్స్‌ను, అంటే ఒక్కో విడత పంపే శబ్దాన్ని, ఎంచుకోవాలి.

ఇక్కడే తొందరపడి వోల్టేజి పెంచుతారు. నా మాట వింటే అది పెంచకండి, పల్స్ పొడవు పెంచండి. 2.25 మెగాహెర్ట్జ్ దగ్గర 20 సైకిళ్ల పల్స్ 9 మైక్రోసెకన్లు. సెకనుకు 10,000 సార్లు పంపితే మొత్తం సమయంలో 9 శాతం శబ్దం నడుస్తుంది. ప్రతికూల పీడనం (అల బుడగను ఉబ్బించే వైపు లాగే పీడనం) 150 కిలోపాస్కల్స్ దాటనివ్వకపోతే మెకానికల్ ఇండెక్స్, అంటే శబ్దం బుడగల ద్వారా చేయగల హానిని సూచించే అంకె, 0.1 దగ్గరే ఉంటుంది. స్కానింగ్ యంత్రాలకు అమెరికా పెట్టిన హద్దు 1.9, కానీ బుడగలున్న చోట దాన్ని నమ్ముకోకూడదు. పీడనం ఎక్కువైతే బుడగ ఒక్కసారిగా కూలి కణపు పొరకు చిల్లి పెడుతుంది, నాళపు గోడను చీలుస్తుంది. కండరంలో 5 సెంటీమీటర్లు దిగేసరికి పీడనం సుమారు సగమవుతుంది కాబట్టి, లెక్క కణం ఉన్న చోటికి వేయాలి, శబ్దం పంపే ట్రాన్స్‌డ్యూసర్ ముందు కాదు.

మోసం చేసేది స్థిర తరంగం, అంటే వెళ్లే అల, తిరిగొచ్చే అల కలిసి ఒకేచోట నిలిచిపోవడం. గొట్టం వెనక ప్లాస్టిక్ డిష్ ఉంటే శబ్దం తిరిగొచ్చి, కణాలు 0.33 మిల్లీమీటరు దూరంలో చారలుగా పేరుకుంటాయి. ‘దారి మళ్లింది’ అని సంబరపడొద్దు. వెనక శబ్దాన్ని పీల్చే రబ్బరు పెట్టండి, డిష్‌ను కాస్త వాలుగా ఉంచండి. గొట్టాన్ని ముంచే టబ్బులోకి బోరు నీళ్లు కాకుండా డిస్టిల్డ్ నీళ్లు 20 నిమిషాలు కాచి, సీసా నిండుగా పోసి మూత బిగించి చల్లార్చినవి వాడండి. మామూలు నీళ్లలో కరిగిన గాలి కర్నూలు మే ఎండకు గొట్టం మీద పొక్కుల్లా పేరుకొని శబ్దాన్ని అడ్డుకుంటుంది.

బుడగలు శబ్దంలో ఒకదాన్నొకటి లాక్కుంటాయి కూడా. అలా ఐదారు కణాలు ముద్దయితే సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. జంతువుల్లో దీన్ని వాడేవాళ్లకు అసలు భయం ఇదే. మనుషుల్లో ఇది ఇంకా చికిత్సగా రాలేదు. కడపలో స్కానింగ్ సెంటర్‌కు వెళ్లి అడిగితే దొరికేది కాదు, అక్కడి యంత్రం బొమ్మ కోసం పంపే పల్స్ ఒకటి రెండు సైకిళ్లదే.

కొలిచేటప్పుడు నాలుగు గొట్టాలు పెట్టండి: ఏదీ లేనిది, శబ్దం మాత్రమే, బుడగలు మాత్రమే, రెండూ. నాలుగింటికీ ముందూ వెనకా చచ్చిన కణాలకే పట్టే ట్రైపాన్ బ్లూ రంగు వేసి వాటిని లెక్కించండి. శబ్దం ఆపాక ప్రవాహాన్ని మరో 5 నిమిషాలు అలాగే నడిపి, అప్పటికీ గోడనే పట్టుకున్నవి ఎన్నో చూసి ఆ అంకెను రాసుకోండి.