నలక

మెల్‌బోర్న్‌లో మా ఇంటికి ఎవరొచ్చినా ముందు తీసుకెళ్ళేది పఫింగ్ బిల్లీకే. డాండెనాంగ్ కొండల్లో బెల్‌గ్రేవ్ నుంచి జెంబ్రూక్ దాకా 24 కిలోమీటర్లు నడిచే పొగబండి. 1900లో వేసిన బ్రాంచి లైను. 1953లో కొండచరియ విరిగి పట్టాల మీద పడితే, మరుసటి ఏడాది మూసేశారు. రైలంటే ప్రాణమిచ్చే జనం సంఘం పెట్టుకుని, 1962లో కొంత దూరం మళ్ళీ నడిపించారు. జెంబ్రూక్ చేరేసరికి 1998 అయింది. ఇప్పటికీ చాలా పనులు వాలంటీర్లే చేస్తారు. కాళ్ళు బయటికి వేలాడేసి కిటికీ చట్టం మీద కూర్చోవడం పిల్లలకు సరదా, నాకు టెన్షన్.

ఇన్నిసార్లు వెళ్ళినా ఒక సంగతి ఈమధ్యే తెలిసింది. ఆ పట్టాల మధ్య వెడల్పు 762 మిల్లీమీటర్లు. మా శ్రీకాకుళం వైపు నడిచిన నౌపడ-గుణుపూర్ చిన్న రైలుదీ సరిగ్గా అంతే. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ లైనూ 1900లోనే మొదలైంది! ఉత్సాహం పట్టలేక తొమ్మిదేళ్ళ మావాడికి రైల్లోనే క్లాసు పీకాను. వాడు వింటేగా. ఇంజను వైపే చూస్తూ, కాసేపటికి కన్ను నలుపుకుంటూ ఏడుపు మొహం పెట్టాడు.

"నలక పడిందిరా" అన్నాను.

"నలక అంటే?"

ఇంగ్లీషులో ఏమంటారో చప్పున తోచలేదు. రెప్ప ఎత్తి ఉఫ్‌మని ఊదాను. అర్థమైపోయింది.

రెండేళ్ళుగా ఆదివారం తెలుగు క్లాసుకి పంపిస్తున్నా ఫోన్లో "బాగున్నాను" దాటని వాడు, ఆ రాత్రి వీడియో కాల్లో తనంతట తనే మొదలెట్టాడు. "తాతా, నా కంట్లో నలక పడింది. బొగ్గుది."

టెక్కలిలో మా నాన్న కుర్చీలో ముందుకి జరిగారు. "ఏటీ, బొగ్గు నలకే?"

ఇక ఇద్దరిదే మాట. తెల్లచొక్కా వేసుకుని పాతపట్నం పెళ్ళికి బయల్దేరితే, దిగేసరికి దాని గతేమయ్యేదో ఆయన చెప్పారు. అనువాదం చేయబోతే, "ఉండు నాన్నా" అన్నాడు మావాడు.

"మీ రైలు ఇప్పుడుందా తాతా?"

"నేదురా. 2004లో ఆపేసి పెద్ద పట్టాలు ఏసేరు."

"ఎందుకు? ఇక్కడ దాచుకున్నారుగా!"

నాన్న బెంగపడతారనుకున్నాను. "మంచిదే అయిందిరా. అప్పుడు నౌపడలో దిగి, మూటలు మోసుకుని ఇంకో బండి ఎక్కాల. ఇప్పుడు ఎక్కితే సరాసరి విశాఖపట్నంలో దిగడమే."

మావాడికి ఈ జవాబు అస్సలు నచ్చలేదు. కాసేపు ఆలోచించి అడిగాడు.

"పోనీ, ఆ చొక్కా ఉందా?"