కె - 5, బి - 9

ఎనిమిదో తరగతిలో మన ఇంగ్లీషు మాస్టారు సాయంత్రం వెళ్లేముందు నల్లబల్ల కుడి మూల ఒక అక్షరం, దాని పక్కన ఒక అంకె వేసేవారు. అంతే, ఇంకేమీ చెప్పేవారు కాదు. మర్నాడు ప్రేయరు అయ్యేసరికి ఆ అక్షరంతో మొదలై, సరిగ్గా అన్ని అక్షరాలే ఉన్న మాటలు మన దగ్గర సిద్ధంగా ఉండాలి. బడికి రానివాడు సాయంత్రం వీధిలో కనిపిస్తే "ఇవాళ ఎంతరా?" అని అడిగేవాడు. "టి, ఆరు" అని చెబితే వాడికి చాలు. 1986 పదో తరగతి బ్యాచ్ వాళ్లు ఇది చదువుతుంటే ఈపాటికి వేళ్లు మడవడం మొదలుపెట్టే ఉంటారు.

మొదటి వారం మనకు లెక్కే కుదరలేదు. తెలుగులో 'స్త్రీ' ఒక్క అక్షరం, 'కృష్ణ' రెండు. ఉత్పలమాలకు పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి అని తెలుగు మాస్టారి దగ్గర వేలి కణుపుల మీద లెక్కపెట్టడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాం. ఆ అలవాటు మీద మనలో ఒకడు లేచి, "నైఫ్ అంటే ఒక్క అక్షరమే కదండీ, పొల్లు లెక్కకు రాదుగా" అన్నాడు. మాస్టారు కోప్పడలేదు. 'కృష్ణ'ను ఇంగ్లీషులో రాసి లెక్కపెట్టించారు, ఏడు వచ్చాయి. తర్వాత 'స్ట్రెంగ్త్' రాశారు. ఎనిమిది అక్షరాలు, మాట మొత్తానికి ఒకే ఒక్క అచ్చు. మనం మాటను చెవితో కొలుస్తాం, వాళ్ల మాటను కంటితో కొలవాలి అని నాకు ఆ రోజు అర్థమైంది.

'కె, 5' రోజు నాకు బాగా గుర్తు. నైఫ్ కోసం డిక్షనరీలో 'ఎన్' పేజీలన్నీ తిప్పాం. దొరకలేదు. దాని ముందు నోరెత్తని 'కె' ఒకటి ఉందని మాస్టారు చూపించారు. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్లు ఆ 'క్'ను పలికేవారట. సుమారు 17వ శతాబ్దంలో అది నోట్లోంచి జారిపోయి రాతలో మాత్రం మిగిలింది. జర్మనులు ఇప్పటికీ మోకాలిని 'క్నీ' అనే అంటారు. ఆ తీగ దొరికాక నాక్, నీల్, నాక్ వరసగా వచ్చేశాయి. మొదటి నాక్ తలుపు తట్టడం, రెండోది పనిలో నేర్పు. చెవికి ఒకేలా తోచే ఆ రెండింటికీ నడిమి అచ్చులో తేడా ఉంది, అక్షరాలు మాత్రం ఐదేసి.

ఆ తర్వాత ఖాకీ వచ్చింది. మన యూనిఫాం నిక్కరు రంగు. పారశీకంలో 'ఖాక్' అంటే మట్టి, దుమ్ము. అది ఉర్దూ మీదుగా ఇంగ్లీషులోకి వెళ్లి ఐదక్షరాల మాటై కూర్చుంది. కయాక్ మంచుదేశపు ఇన్యూట్ల పడవ. కియోస్క్ తుర్కీ నుంచి వచ్చింది, కొవాలా ఆస్ట్రేలియా ఆదివాసుల మాట. లంకల నుంచి పడవ దిగి వచ్చేవాళ్లూ, కాలవగట్టు మీద నడిచొచ్చేవాళ్లూ మన క్లాసులో ఒకే బెంచీ మీద సర్దుకున్నట్టు, ఈ మాటలన్నీ ఒకే పేజీలో సర్దుకున్నాయి.

'బి, 9' వేసిన సాయంత్రం నేను బటర్‌మిల్క్ పట్టుకొచ్చాను. ఇంట్లో రెండుసార్లు లెక్కపెట్టుకున్నదే. బల్ల మీద రాసి చూస్తే పది తేలింది. బటర్‌ఫ్లై, బ్రేక్‌ఫాస్ట్, బ్యూటిఫుల్, బిగినింగ్ అన్నీ సరిపోయాయి, నా మజ్జిగ ఒక్కటే మిగిలిపోయింది. మాస్టారు దాన్ని కొట్టెయ్యలేదు. ఆ సాయంత్రం మూలన 'బి, 10' వేశారు. మర్నాడు మొదటి మాట నాదే.

ఆ రోజే హెడ్మాస్టరుగారి గదిలోంచి పెద్ద ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ తెప్పించి, తొమ్మిదక్షరాల మాట ఒకటి వేలుపెట్టి చూపించి నాతో చదివించారు. బాండికూట్. పుట్టుక దగ్గర 'తెలుగు' అని ఉంది. పందికొక్కు! "ఇది మీ నాన్నకు నాకన్నా బాగా తెలుసు" అన్నారు.

నిజమే. నాన్న కౌలు రైతు. గట్టుకు కన్నం పెట్టి తడి నీళ్లు పక్క చేలోకి పోనిచ్చేవీ, ధాన్యం పురి అడుగున తవ్వి గింజలు లాక్కుపోయేవీ అవే. రాత్రిపూట పురి దగ్గర పంది గుర్రుమన్నట్టు చప్పుడు వినిపించగానే నాన్న లాంతరూ కర్రా పట్టుకుని లేచేవాడు. బుట్టలు పెట్టేవాళ్లు వచ్చినప్పుడు చూశాను, పిల్లి అంత ఉండేది ఒక్కొక్కటి. ఆ సాయంత్రం నాన్నతో, "మన పందికొక్కు ఇంగ్లీషులో ఉంది నాన్నా" అన్నాను. మడవకు మట్టి వేస్తున్నవాడు ఆగి, "మాటను తీసుకెళ్లి దాన్ని ఇక్కడే వదిలేశారా?" అన్నాడు.

పరీక్షల కోసం బట్టీపట్టిన మీనింగులు ఎన్నో ఎగిరిపోయాయి. ఇవి మాత్రం పోలేదు. తొమ్మిదో కాదో తేలాలంటే ప్రతి అక్షరం మీదా వేలు పెట్టాలి. వేలు పెట్టిన మాట అంత తేలిగ్గా వదలదు.

మొన్నామధ్య బ్రిస్బేన్‌లో అమ్మాయి దగ్గరున్నప్పుడు, తెల్లారి లేచి చూస్తే పెరటి పచ్చికలో గరాటు ఆకారంలో చిన్న చిన్న గుంటలు కనిపించాయి. బాండికూట్ పని అని పక్కింటాయన చెప్పాడు. అక్కడ ఆ పేరుతో పిలిచేది వేరే జీవి. కంగారూలాగా పిల్లను సంచిలో పెంచుతుంది, మన ఎలుక జాతికి దానితో చుట్టరికం లేదు. చూడ్డానికి పోలిక ఉందని తెల్లవాళ్లు మన మాట దానికి తగిలించారు. అది మా చేలో మాట అని ఆయనకు చెప్పి, పందికొక్కు అని మూడుసార్లు పలికించాను. మాస్టారు అప్పటికి పోయి చాలా ఏళ్లయింది. ఆ పూటంతా ఆయనే గుర్తొచ్చారు.

మిత్రులకు ఒక మనవి. క్లాసు మాటలన్నీ ఎక్కించిన లాంగ్ నోటుబుక్, బ్రౌన్ కాగితం అట్ట వేసినది, పదో తరగతి పరీక్షల తర్వాత ఎవరో ఇంటికి తీసుకెళ్లారు. 'కె' పేజీ నకలు నా దగ్గరుంది. 'ఎక్స్, 5' పేజీలో మూడే మాటలుండేవి. జీవశాస్త్రంలో దారువుకు మాస్టారు చెప్పిన జైలమ్, జెనాన్ వాయువు, బస్టాండు దగ్గర బోర్డు చూసి రాసుకొచ్చిన జిరాక్స్. నాలుగోది ఎవరైనా చేర్చారేమో నాకు తెలియాలి. ఆ పుస్తకం ఎవరి అటక మీద ఉన్నా, కలయిక రోజున ఒక్కసారి తీసుకురండి.