సూచన వెనుక ఆధారం
ప్రాజెక్టులో వాడే లైబ్రరీలకు (సిద్ధంగా దొరికే కోడ్‌కు) కొత్త వెర్షన్లను సూచించే గిట్‌హబ్ సాధనం డిపెండాబాట్, ఒక లైబ్రరీని కొత్త వెర్షన్‌కు మార్చమన్నప్పుడు, పక్కన కనిపించే అనుకూలతా శాతాన్నే నేను ముందుగా చూస్తాను; అదే మార్పు చేసిన ఇతర బహిరంగ ప్రాజెక్టుల్లో పరీక్షలు ఎంత శాతం నెగ్గాయో ఆ అంకె చెబుతుంది. సూచనకు ఆధారం కళ్ళెదుట ఉంటే నమ్మాలో వద్దో నిర్ణయించుకోవడం నా చేతిలో ఉంటుంది.

కోడ్ రాసిపెట్టే ఏఐ సాధనాల్లో చాలాసార్లు ఈ ఆధారమే కరువు. ఒకసారి అలాంటి సాధనం, తేదీలను పోల్చడానికి మేము వాడే లైబ్రరీలో లేనే లేని ఫంక్షన్‌ను సూచించింది. పేరు ఎంత సహజంగా ఉందంటే, అరగంట సేపు నేను ఇన్‌స్టలేషన్‌లోనే తప్పు వెతుకుతూ కూర్చున్నాను. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో 2025 సర్వేలో ఏఐ సాధనాల కచ్చితత్వాన్ని నమ్మేవారు 33 శాతం, నమ్మనివారు 46 శాతం ఉన్నారంటే నాకు ఆశ్చర్యం కలగలేదు.

కొత్తగా చేరినవారికి ఇలాంటి సూచన తప్పని తెలిసే అనుభవం ఉండదు కనుక, నా బెంగంతా వారి గురించే. మా బృందంలో ఇప్పుడు తెలియని ఫంక్షన్ ఏది వచ్చినా, డాక్యుమెంటేషన్‌లో దాని పేరు కనబడేదాకా ట్యాబ్ నొక్కి ఆ సూచనను ఒప్పుకోవడం లేదు.