ముక్కు ముద్ర

కోటుకి ఎల్లిగడ్డ వాసన ఇంకా పోలేదు. బాల్కనీలో ఆరేశాను. రేపు ఎండ కాస్తే సరే, లేకపోతే సోమవారం ఆఫీసుకి ఈ వాసనతోనే పోవాలి.

పొద్దున బట్టలు ఉతుక్కున్నాం. మధ్యాహ్నం అమ్మ పప్పుచారు పెట్టింది. సాయంత్రం ఒసాకాలో రైలెక్కి కోబె వెళ్ళాం, అరగంట ప్రయాణం. అమ్మ హన్మకొండ నుంచి వచ్చి మూడు వారాలైంది. వచ్చే శుక్రవారం వెళ్ళిపోతుంది. గుళ్ళు, కోట, నారాలో జింకలు అన్నీ చూపించాను గానీ, "ఇక్కడి పెద్దకూర ఒక్కసారి తినిపిస్తా" అన్న మాట మాత్రం వాయిదా పడుతూ వచ్చింది. కారణం ధరే. పోయిన వారం ధైర్యం చేసి రెండు సీట్లు బుక్ చేశాను, ఎంతో మాత్రం అమ్మకి చెప్పలేదు.

టైముంది కదా అని సన్నోమియా స్టేషన్లో దిగి ముందు కితానో వైపు నడిచాం. ఆ పేటలో పాలరాతి జైనుల గుడి ఉంది. కాస్త కిందికి వస్తే 1935లో కట్టిన మసీదు, జపాన్‌లో మొట్టమొదటిది. ఇంకొంచెం దిగితే ఎటు చూసినా స్టేక్ హోటళ్ళ బోర్డులే. అమ్మ ఆగి మూడు దిక్కులా చూసింది.

"ఒకలనొకలు ఏమనరా బిడ్డా?"

"ఏమంటరమ్మా. ఎవలిది వాళ్ళు తింటరు."

నమ్మినట్టు లేదు.

హోటల్ చిన్నది, ఎనిమిది కుర్చీలు. మన ముందే వెడల్పాటి ఇనుప పలక, దాని అవతల షెఫ్. తెప్పన్ అంటే ఇనుప పలక, యాకి అంటే కాల్చడం. పెనం మీద మాంసం కాల్చి అక్కడికక్కడే పెట్టే ఈ పద్ధతి 1945లో ఈ ఊళ్ళోనే మొదలైందని చెప్పుకుంటారు. అమెరికాలో లాగా గుడ్లు ఎగరేయడం, ఉల్లిపాయ చక్రాలతో మంటలు లేపడం లాంటి సర్కస్ ఇక్కడ లేదు. మా షెఫ్‌కి యాభై ఉంటాయేమో, గంటన్నరలో చెయ్యి ఒక్కసారి కూడా తొందరపడలేదు.

ముందు పచ్చి మాంసం చెక్క పలక మీద పెట్టి చూపించాడు. ఎరుపు కంటే తెలుపే ఎక్కువ కనిపించింది. ముగ్గు పిండి జల్లినట్టు కండ నిండా సన్నటి కొవ్వు గీతలు.

"ఇదంత కొవ్వే గదనే. మీ నాయిన గిట్ల తెస్తే వాపస్ పంపిద్దును."

ఆ గీతలకే ఇక్కడ మార్కులు. ఒకటి నుంచి పన్నెండు దాకా వేస్తారు. మాంసానికి కోబె పేరు పెట్టాలంటే కనీసం ఆరు రావాలి. పశువు తాజిమా జాతిది అయి ఉండాలి, కోబె ఉన్న ఈ హ్యోగో జిల్లాలోనే పుట్టి, పెరిగి, అక్కడి కబేళాలోనే కోసి ఉండాలి. అన్నీ కుదిరితేనే చామంతి పువ్వు ముద్ర పడుతుంది. లోపల ఎంత బాగున్నా సరిహద్దు అవతల పుట్టిన దూడకి ఆ పేరు రాదు. బీరు తాగిస్తారు, మసాజ్ చేస్తారు అని మనవాళ్ళు చెప్పుకునే కథ నిజమేనా అని అడిగాను. షెఫ్ నవ్వి, బీరు తాగేది నేనేనండి, వాటికి వరిగడ్డి, మొక్కజొన్న, తవుడు అన్నాడు. వరిగడ్డి అనగానే అమ్మకి ప్రాణం లేచొచ్చింది. గడ్డి వాముల గురించి చెప్పమంది. నా జపనీస్ ఆఫీసు జపనీస్, గడ్డివాముకి మాట దొరక్క చేతులతో చూపించాను.

తర్వాత ఫ్రేములో పెట్టిన కాగితం ఒకటి తెచ్చాడు. పైన పదంకెల నంబరు. కింద తల్లి, తండ్రి, తాతలు, ముత్తాతల పేర్లు చెట్టు కొమ్మల్లా. ఒక మూల నల్లటి సిరా మచ్చ. దగ్గరికి తీసుకుని చూస్తే ఎండకి బీటలువారిన చెరువు మట్టిలా చిన్న చిన్న గళ్ళు, మధ్యలో రెండు బోసి గుంటలు.

"ఇదేంది బిడ్డా, వేలిముద్రనా?"

ముక్కు ముద్ర. దూడగా ఉన్నప్పుడే ముక్కుకి సిరా పూసి కాగితం అద్దుతారు. మనిషి వేలిలా ఏ రెండు ముక్కులూ ఒకటి కావట. అమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "పింఛను కాయితం మీద మీ అమ్మమ్మ ఏసేది సూడు, అచ్చం గట్లనే ఉన్నది," అంది. ఆ నల్లటి గళ్ళ మీద వేలు పెట్టబోయి, అద్దం కదా అని వెనక్కి తీసుకుంది.

వాగ్యూ అంటే జపాన్ పశువులు. వాటిలో నల్ల జాతివి దాదాపు అన్నిటి వంశం వెతుక్కుంటూ పోతే 1939లో పుట్టిన తాజిరి అనే ఒకే ఎద్దు దగ్గర తేలుతుందని షెఫ్ చెప్పాడు. పుట్టింది ఈ జిల్లా ఉత్తరాన కొండల్లో ఒక పల్లెలో. అప్పట్లో అక్కడ పశువు అంటే కొండ చెక్కల్లో పొలం దున్నేదే.

నాకేమో ఆ కాగితం చూస్తుంటే నల్ల కవర్ గుర్తొచ్చింది. ఆదివారం పొద్దున నాయిన సైకిల్ హ్యాండిల్‌కి నల్ల ప్లాస్టిక్ కవర్ తగిలించుకుని వచ్చేవాడు. మటన్ అయితే తెల్ల కవర్, ఎవరికైనా కనిపించొచ్చు. పెద్దకూర అయితే నల్లది, దాని మీద ఒక పేపరు. మా దగ్గర అది ఎక్కువగా బర్రెదే. హైదరాబాద్‌లో అద్దెకున్నప్పుడు ఇంటి ఓనర్ మెట్లెక్కి వచ్చి ఏం వండుతున్నారని అడిగితే, మటన్ అనేవాళ్ళం. మటన్‌కి ఇన్ని విజిల్సా అని ఆమె. ముదురుదండీ అని అమ్మ. మిగిలింది సన్నగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, తునకలు చేసి ఎండబెట్టాలంటే ఆ ఇంట్లో కుదరలేదు. మూడేళ్ళు తునకలు లేకుండానే గడిచాయి.

షెఫ్ ముందు ఎల్లిగడ్డ పలుచటి బిళ్ళలు నూనెలో వేసి, బంగారు రంగు రాగానే పక్కకి తీశాడు. ఆ నూనెలోనే మాంసం. పెనం మధ్యలో మంట ఎక్కువ, అంచుల్లో తక్కువ, ముక్కని అటూ ఇటూ జరపడమే అసలు పని. అమ్మకి ఎరుపు కనిపించకూడదు. బాగా కాల్చమని చెప్పాను. షెఫ్ ఒక్క క్షణం ఆగాడు, పాపం. తర్వాత తల వంచి "హై", అంటే సరే, అని, అమ్మ వాటా ముక్కని అంచుకి జరిపి మూత పెట్టాడు. కత్తిరించి తీసిన కొవ్వు ముక్కలు పారేయకుండా చిన్నగా తరిగి, కరకరలాడేదాకా వేయించి మొలకల్లో కలిపాడు.

"కొవ్వు పారెయ్యలే. పని తెలిసినోడే," అంది అమ్మ. సాయంత్రం మొత్తంలో ఆమె ఇచ్చిన పెద్ద సర్టిఫికెట్ అదే.

వేలెడు ముక్కలుగా కోసి, చిన్న బ్రెడ్ ముక్క మీద పెట్టి ఇచ్చాడు. ఉప్పు, మిరియాలు, వసాబి, పులుపు సాస్. నేను ఉప్పుతోనే తిన్నాను. పళ్ళకి పని లేదు. నాలుక మీద పెట్టగానే సగం కరిగిపోయి, తీపి లాంటి కమ్మదనం ఒకటి మిగిలింది. మూడో ముక్క దాకా అద్భుతం. ఆరో ముక్కకి వెన్న తిన్నట్టు మొహం మొత్తింది, నిజం చెప్పాలంటే. వంద గ్రాములకి మించి ఎవరూ ఎందుకు అడగరో అప్పుడు అర్థమైంది.

అమ్మ నెమ్మదిగా తిని, నీళ్ళు తాగి, తీర్పు చెప్పింది. "మంచిగనే ఉన్నది. నమిలేటందుకే ఏం లేదు."

మాంసం నూనె పీల్చుకున్న ఆ బ్రెడ్‌ని షెఫ్ పెనం మీద ఎర్రగా కాల్చి పెట్టాడు. చివర్లో అదే కొవ్వులో ఎల్లిగడ్డ అన్నం, మిసో సూప్. అమ్మ అన్నం రెండోసారి అడిగింది. ఇన్ని వేల యెన్‌ల మాంసం తినిపిస్తే ఆమెకి నచ్చింది అన్నం.

బిల్లు 38 వేల యెన్‌లు. మన లెక్కలో ఇరవై వేలు దాటింది. అమ్మ అడిగితే సగం చెప్పాను. సగానికే నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

రైల్లో ఫొటోలు చూపిస్తుంటే, "స్టేటస్‌ల పెట్టకు," అంది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వాళ్ళంతా చూస్తారట. కోపం వచ్చింది గానీ ఏమనలేదు. ఇక్కడా దాచుకుని తిన్నారమ్మా అని చెప్పాను. 675లోనే ఒక చక్రవర్తి ఆవు, గుర్రం లాంటివి తినొద్దని ఆజ్ఞ వేశాడు. తర్వాత తినాలనిపించినవాళ్ళు మందు అని పేరు పెట్టి తిన్నారు, అడవిపందిని కొండ తిమింగలం అన్నారు. 1872లో మేజీ చక్రవర్తే ఆవు మాంసం తిన్నాడని తెలిశాక జనానికి బెరుకు పోయింది. అమ్మ "కొండ తిమింగలం" అని రెండుసార్లు అనుకుని, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మనం ముదురు మటన్ అన్నం, అంతే."

ఇంటికొచ్చాక బ్యాగులోంచి ఒక కార్డు తీసింది. షెఫ్ ఇచ్చాడట, పదంకెల నంబరు ఉంది. 2001లో ఇక్కడ పిచ్చి ఆవు జబ్బు బయటపడ్డాక, 2003లో చట్టం చేసి ప్రతి పశువుకీ నంబరు ఇచ్చారు. ప్రభుత్వ సైట్‌లో కొడితే దాని చరిత్ర వస్తుంది. కొట్టాను. ఆడది. నల్ల జాతి. పుట్టిన తేదీ, ఏ ఊరి నుంచి ఏ ఊరికి మారింది, కోసిన తేదీ. రెండున్నరేళ్ళు దాటి బతికింది. ఒక గడిలో తల్లి నంబరు.

"వాళ్ళమ్మది గూడ ఉన్నదా? అది గూడ కొట్టు."

కొట్టాను. పుట్టింది హ్యోగోలో, ఉన్నది హ్యోగోలో. చివరి గడి ఖాళీగా ఉంది.

"అంటే?"

"ఇంక ఉన్నదమ్మా."

అమ్మ కార్డు తీసుకుని కళ్ళజోడు డబ్బాలో పెట్టుకుంది. లైటు ఆర్పమంది.