1948తో ఏది ముగిసింది?

హైదరాబాద్ చరిత్రను కుతుబ్‌షాహీల కాలం, అసఫ్‌జాహీల కాలం అని విభజించి, రెండోదానికి 1948 సెప్టెంబరు 17న తెర దించడం మనకు అలవాటు. నిజాం కాల్పుల విరమణ ప్రకటించిన తేదీగా అందులో అనుమానమేమీ లేదు. కానీ ఆ రోజుతో ఒక యుగం ముగిసిందంటే, ఏది ముగిసిందని అడగక తప్పదు. ఏడో నిజాం 1950 నుంచి 1956 వరకు రాజప్రముఖ్‌గా, అంటే గవర్నర్ లాంటి రాష్ట్రాధిపతిగా, కొనసాగారు. శిస్తు వసూలు హక్కుతో కొందరికి ఇచ్చిన జాగీర్లు రద్దయినది 1949లో; జాగీరు గ్రామంలో శిస్తు కట్టిన రైతుకు ఆ ఏడాదే పెద్ద మలుపు అయివుండాలి. ఏడు హాలీ రూపాయలకు ఆరు భారత రూపాయల లెక్కన మారిన హాలీ సిక్కా, అంటే హైదరాబాద్ రాజ్యపు సొంత రూపాయి, 1959 దాకా చలామణిలో ఉంది. శిస్తు లెక్కలకు వాడిన ఫసలీ సంవత్సరాలైతే పాత భూమి కాగితాల్లో నేటికీ కనిపిస్తూ, వారసుల చేత లెక్కలు కట్టిస్తూనే ఉన్నాయి.

పాలకుల జాబితానే కాలపట్టికగా భావిస్తే ఈ తేదీలన్నీ అనుబంధాల్లోకి జారిపోతాయి. పేరు పెట్టడంలోనూ పక్షపాతం దాగి ఉంటుంది. 1817లో బ్రిటిష్ చరిత్రకారుడు జేమ్స్ మిల్, భారతదేశంలో అడుగైనా పెట్టకుండానే, మన చరిత్రను హిందూ, ముస్లిం, బ్రిటిష్ భాగాలుగా పంచిన తీరులో మొదటి రెండింటికి మతం ఆధారమైంది, మూడోదానికి మాత్రం కాలేదు.

రాజు మారకుండానే కాలం మారిన సందర్భం మన నగరంలోనే ఉంది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదను, అంటే తుగ్యానీని, పాతబస్తీ పెద్దలు చాలాకాలం సంవత్సరాల లెక్కకు గుర్తుగా వాడుకున్నారు. ఆ వరదకు ముందూ తర్వాతా సింహాసనం మీద ఉన్నది ఆరో నిజామే కనుక వంశావళిలో అక్కడ గీత పడదు. అయితే ఇంజనీరు విశ్వేశ్వరయ్య సలహాలు, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి, 1920 నాటి ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్ జలాశయాలు అన్నీ ఆ విపత్తు వెంట వచ్చినవే. తాగునీరు, వీధులు, ఇళ్ల గురించి రాసేవారు 1908 దగ్గర అధ్యాయం మార్చడమే సబబని నా అభిప్రాయం. అదే కారణంగా, రాష్ట్ర పాలన గురించి రాసేటప్పుడు తెలంగాణ ఏర్పడిన 2014 జూన్ 2 సరైన హద్దే అయినా, మాదాపూర్ రూపురేఖల గురించి రాయాలంటే ఐటీ సంస్థల భవనం సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998 నుంచే మొదలుపెట్టాలి.