145 శాతం టారిఫ్‌లో ఇరుక్కున్న మా అక్షరాలు: నా అనుభవం

మేముండేది అమెరికాలో. ఉద్యోగం పక్కన నేను నడుపుకునే చిన్న వ్యాపారం ఒకటుంది, పిల్లలకు తెలుగు అక్షరాల బొమ్మలు. ప్లాస్టిక్ అక్షరాలు, వాటిని అమర్చుకునే పలక, అంతే. వాటిని పోసే అచ్చు (మోల్డ్) నా డబ్బుతో చేయించిందే, కానీ అది ఉండేది చైనాలోని ఒక ఫ్యాక్టరీలో. అమెరికాలో అమ్ముడయ్యే బొమ్మల్లో దాదాపు 80 శాతం అక్కడివే, కాబట్టి నేనేమీ కొత్త దారి తొక్కలేదు.

2024 డిసెంబర్‌లో 3,000 సెట్లకు ఆర్డర్ ఇచ్చాను. సెట్టు 6 డాలర్లు, మొత్తం 18,000. సెప్టెంబర్‌లో తెలుగు బడులు తెరిచేలోపు సరుకు చేతికి రావాలని లెక్క. అప్పటికి బొమ్మల మీద దిగుమతి సుంకం, అంటే టారిఫ్, సున్నా. ట్రంప్ మొదటి హయాంలో చైనా సరుకులు చాలావాటికి టారిఫ్ పడ్డా బొమ్మలు మాత్రం తప్పించుకున్నాయి. 2019 డిసెంబర్ 15న పడాల్సింది ఆఖరి నిమిషంలో ఆగిపోయింది. అంతకుముందు ఇంతే సరుకు తెప్పించినప్పుడు ప్రాసెసింగ్ ఫీజు, హార్బర్ ఫీజు కలిపి నేను కస్టమ్స్‌కి కట్టింది 85 డాలర్లు.

2025 ఫిబ్రవరి 4న ట్రంప్ ప్రభుత్వం చైనా సరుకుల మీద 10 శాతం వేసింది. మార్చి 4న అది 20 అయింది. అంటే 3,600 డాలర్లు. లాభం తగ్గుతుంది, పోనీలే అనుకున్నాను. ఏప్రిల్ వచ్చేసరికి రెండు దేశాలూ పంతానికి పోయాయి. వారం తిరిగేలోపు మొత్తం 145 శాతం. 18,000 డాలర్ల సరుకుకి 26,100 డాలర్ల సుంకం! ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తప్పు చూపిస్తోందేమోనని కాగితం మీద మళ్లీ వేసి చూశాను.

దిగుమతి కాగితాలు చూసిపెట్టే కస్టమ్స్ బ్రోకర్‌కి ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి మాట, "సరుకు ఓడెక్కిందా?" ఇంకా లేదన్నాను. "అయితే మీరు అదృష్టవంతులు" అన్నాడు. ఓడలో ఉన్నవాళ్లు అప్పటికే ఆయనకి వరసగా ఫోన్లు చేస్తున్నారట.

సుంకం చైనా వాళ్లు కడతారని మా బంధువుల్లోనే చాలామంది అనుకునేవారు. దిగుమతిదారు అని కాగితంలో ఎవరి పేరుంటే వాళ్లే కట్టాలి. అక్కడున్నది నా పేరు. పైగా సరుకు అమ్ముడయ్యాక కాదు, కస్టమ్స్ నుంచి విడుదలైన 10 పని దినాల్లో. నాలాంటి చిన్నవాళ్ల దగ్గర బ్రోకర్ ముందే తీసుకుంటాడు. అసలు దెబ్బ ఇక్కడే తగులుతుంది. ధర పెంచి రాబట్టుకోవచ్చనేది తర్వాతి సంగతి, ముందు ఆ 26,000 చేతిలో ఉండాలి కదా. ఫ్యాక్టరీకి 5,400 అడ్వాన్స్ ఇచ్చి ఉన్నాను. మిగతాది తర్వాత ఇస్తాను, పెట్టెలు మీ దగ్గరే ఉంచండని బతిమాలాను. ఉంచారు.

ఏప్రిల్ 30న ట్రంప్ గారు, పిల్లలకి 30 బొమ్మల బదులు రెండు బొమ్మలుంటాయేమో, వాటి ధర రెండు డాలర్లు ఎక్కువ ఉంటుందేమో అన్నారు. మా ఆవిడ విని, "ఏమండీ, ఆ లెక్కన మనం అచ్చులన్నీ ఇచ్చేసి, హల్లులు వచ్చే ఏడాది ఇద్దామా?" అంది.

ఆ నెలంతా ఇక్కడే తయారు చేయించే పని మీద తిరిగాను. ఇష్టం లేక కాదు, మనసారా ప్రయత్నించాను. మూడు ప్లాస్టిక్ మోల్డింగ్ షాపులతో మాట్లాడాను. ప్లాస్టిక్ గుళికలు ఇక్కడ దొరుకుతాయి, మెషీన్లూ ఉన్నాయి. అచ్చు దగ్గర బండి ఆగింది. చైనాలో నాకు 9,000 డాలర్లు అయిన అచ్చుకి ఇక్కడ 60,000 పైన చెప్పారు. మన అక్షరాల వంపులు, తలకట్లు చూసి ఒకాయన నవ్వేశాడు: "ఇంగ్లీషైతే 26తో పోయేది." పోనీ ఉన్న అచ్చునే తెప్పిద్దామంటే దానికీ టారిఫ్ ఉంది, పైగా ఇక్కడి మెషీన్‌కి సరిపోయేలా మార్పులు చేయాలి. ఫ్యాక్టరీ మారితే బొమ్మల భద్రతా పరీక్షలు కూడా మొదటినుంచి చేయించి, కొత్త సర్టిఫికెట్ రాసుకోవాలి. ఇది పిల్లల వస్తువుల భద్రత మీద 2008లో వచ్చిన చట్టం పెట్టిన నిబంధన, మంచిదే. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు మరి.

వీటన్నిటికంటే పెద్ద అడ్డంకి చేతిపని. యాభై పైచిలుకు అక్షరాలు ఏరి, ఒక్కటీ తప్పిపోకుండా పెట్టెలో సర్దాలి. ఇక్కడి కూలి రేట్లకి ఆ సర్దుడు ఖర్చే అక్కడి పూర్తి సెట్టు ధరకి దగ్గరగా వచ్చింది.

ఒక షాపు యజమాని మాత్రం లెక్కలు పక్కనపెట్టి సూటిగా మాట్లాడాడు. "ఈ టారిఫ్ మూడేళ్లు ఇలాగే ఉంటుందని ఎవరైనా రాసిస్తే రేపే కొత్త మెషీన్ కొంటాను. వచ్చే నెల తీసేస్తే దాని వాయిదాలు నువ్వు కడతావా?" నా దగ్గర జవాబు లేదు. టారిఫ్ వేస్తే దేశంలో ఫ్యాక్టరీలు లేస్తాయనే వాదన పూర్తిగా తప్పని నేననను. కానీ నెలకో రేటు మారుతుంటే ఎవరి ధైర్యమూ లేవదు.

ఆయన అన్నట్టే అయింది. మే 12న అమెరికా, చైనాలు జెనీవాలో కుదిరిన ఒప్పందం ప్రకటించాయి, 14 నుంచి 30 శాతం. నా సుంకం 5,400కి దిగింది. చిత్రంగా, నేనిచ్చిన అడ్వాన్సూ అంతే. 30 శాతానికి పండగ చేసుకుంటానని జనవరిలో ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేవాణ్ణి కాదు. అందరూ ఒక్కసారి ఓడల మీద పడ్డారు, షిప్పింగ్ చార్జీలు ఎగిరాయి. సరుకు జూలైలో వచ్చింది.

ధర సంగతి. సెట్టుకి సుంకం 1.80, పెరిగిన షిప్పింగ్ 60 సెంట్లు, మొత్తం 2.40. అంతే పెంచితే చాలనుకుంటారు, చాలదు. ఆన్‌లైన్‌లో అమ్మితే ధరలో 15 శాతం కమిషన్ పోతుంది. 2.40 నా చేతికి రావాలంటే 2.82 పెంచాలి. 25 డాలర్ల సెట్టు 28 అయింది. "ఏంటన్నా, ఇంత పెంచేశావ్?" అని అడిగినవాళ్లకి మొదట్లో ఈ లెక్కంతా చెప్పేవాణ్ణి. తర్వాత మానేశాను. క్రెడిట్ కార్డు వడ్డీ మాత్రం నా ఖాతాలోనే పోయింది.

2025 నవంబర్ 10న రేటు 20 శాతానికి తగ్గింది. ఈసారి 1,000 సెట్లే ఆర్డర్ ఇచ్చాను, అక్షరాలు మాత్రమే, పెట్టెలు లేకుండా. పెట్టె, లోపలి పుస్తకం ఇక్కడే ప్రింట్ చేయిస్తున్నాను. సెట్టుకి 90 సెంట్లు ఎక్కువే, అయినా కావలసినన్నే వేయించుకోవచ్చు. సర్దుడు మా గ్యారేజీలో, శనివారాలు, పిల్లలతో సహా. మొన్న ఒకాయన పెట్టె తిప్పి చూసి, "ఓహో, ఇప్పుడు ఇక్కడే తయారు చేస్తున్నారా?" అని సంతోషపడ్డాడు. వెనకవైపు కింద చూడండన్నాను. చట్టప్రకారం అక్కడ మేమే స్టిక్కర్ అంటించాం: మేడ్ ఇన్ చైనా.