కింది దిక్కు

ఈ ఏడాది మాఘమాసంలో మా అక్కతో కలిసి బుద్ధగయ, రాజగృహం, నాలందా చూసి వచ్చాను. పదేళ్లుగా ఉదయం అరగంట, సాయంత్రం అరగంట ఆనాపానసతి, అంటే ఊపిరి రాకపోకలను గమనించే ధ్యానం, అభ్యాసం చేస్తున్నాను. పౌర్ణమి రోజుల్లో పంచశీలాలు చదువుకుంటాను. ఈ మార్గం పుట్టిన నేల మీద ఒక్కసారైనా కూర్చుని ఊపిరిని గమనించాలన్న కోరికతోనే బయలుదేరాను.

బుద్ధగయలో మూడు రోజులున్నాం. తెల్లవారుజామున టిబెట్ భిక్షువులు చెక్కపలకల మీద సాష్టాంగపడుతూ లేస్తూ ఉండగా బోధివృక్షానికి కాస్త దూరంలో కూర్చునేవాళ్లం. ఆ తరువాత ఆలయానికి ఉత్తరం వైపున, జ్ఞానోదయమైన మూడో వారంలో బుద్ధుడు అటూ ఇటూ నడిచాడని చెప్పే చంక్రమణ వేదిక పక్కన, రాతి పద్మాలను చూస్తూ నెమ్మదిగా నడిచేవాళ్లం. మనసు తేలికపడిన మాట నిజం. ఇల్లూ వాకిలీ విడిచి వచ్చినప్పుడు, వండే పనీ కడిగే పనీ లేనప్పుడు, మనసు తేలికపడటంలో గొప్ప ఏముందని అక్క అన్నది. ఆ మాట నాతోపాటు రాజగృహం దాకా వచ్చింది.

బుద్ధగయ నుంచి సుమారు 70 కిలోమీటర్లు ప్రయాణిస్తే నేటి రాజ్‌గిర్ వస్తుంది. మొదటి రోజు గృధ్రకూటం కొండ ఎక్కాం. అక్కకు మోకాళ్ల నొప్పులు ఉన్నా మెల్లగా పైకి చేరింది. మర్నాడు పొద్దున్నే వేణువనానికి వెళ్లాం. బింబిసారుడు బుద్ధుడికీ సంఘానికీ ఇచ్చిన తోట అది. భిక్షుసంఘం స్వీకరించిన మొట్టమొదటి ఆరామం అదే. ఊరికి మరీ దూరం కాకుండా, మరీ దగ్గరా కాకుండా, జనం వచ్చిపోవడానికి అనువుగా ఉండే చోటు కోసం ఆలోచించి రాజు ఈ తోటను ఎంచుకున్నాడని భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకం చెబుతుంది. ఈ వివరం నాకు ఎంతో ఇష్టం. గృహస్థులు నడిచి రాగలిగిన దూరంలోనే బుద్ధుడు ఉన్నాడు. ఇప్పుడక్కడ వెదురు పొదలూ, ఒక పెద్ద కొలనూ ఉన్నాయి. పాళీ గ్రంథాలు ఈ చోటును కలందకనివాపం అంటాయి, అంటే ఉడుతలకు మేత వేసే తావు.

కొలను గట్టున కూర్చుని, వెంట తెచ్చుకున్న సిగాలోవాద సుత్తం తెలుగు అనువాదాన్ని అక్కకు చదివి వినిపించాను. దీఘనికాయమనే పాళీ గ్రంథంలోని ఈ సుత్తాన్ని, అంటే ఉపదేశాన్ని, బుద్ధుడు బోధించింది ఈ వేణువనంలో ఉన్న కాలంలోనే. భిక్షకు బయలుదేరిన ఆయనకు, తడిబట్టలతో, తడిజుట్టుతో చేతులు జోడించి ఆరు దిక్కులకూ మొక్కుతున్న సిగాలుడనే యువకుడు కనిపించాడు. ఎందుకు మొక్కుతున్నావని అడిగితే, చనిపోతూ తండ్రి చెప్పాడు గనుక మొక్కుతున్నానన్నాడు. బుద్ధుడు అతని మొక్కును తీసిపారేయలేదు. ఆ దిక్కులలో మనుషులను చూపించాడు. తూర్పున తల్లిదండ్రులు, దక్షిణాన గురువులు, పడమట ఆలుబిడ్డలు, ఉత్తరాన స్నేహితులు, పైన శ్రమణులు (ఇల్లు విడిచిన సాధువులు), కింద మన దగ్గర పనిచేసేవారు. ప్రతి దిక్కుకూ మనం చేయవలసినవి ఉన్నాయి, ఆ దిక్కు మనకు చేసేవీ ఉన్నాయి.

కింది దిక్కు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు ఆగిపోయింది. యజమాని చేయవలసినవి ఐదు: శక్తికి తగిన పని అప్పగించడం, తిండీ జీతమూ ఇవ్వడం, జబ్బు చేస్తే చూసుకోవడం, ఇంట్లో ప్రత్యేకంగా చేసుకున్న రుచులను పంచుకోవడం, తగిన సమయంలో సెలవు ఇవ్వడం. యాత్రకు బయలుదేరడానికి పది రోజుల ముందు మా ఇంట్లో పనిచేసే ఆవిడ జ్వరంతో నాలుగు రోజులు రాలేదు. నెలాఖరున ఆ నాలుగు రోజుల జీతం పట్టుకుని మిగతాది చేతిలో పెట్టాను. ఆ సాయంత్రం కూడా ఎప్పటిలాగే దీపం పెట్టి, సర్వప్రాణులూ సుఖంగా ఉండాలని మైత్రీభావన చేశాను. ఆ రెండింటికీ పొసగదన్న ఆలోచన అప్పుడు నాకు తట్టనే లేదు. వేణువనంలో కొలను గట్టున తట్టింది. అక్కకు జరిగినదంతా చెప్పాను. అక్క నన్ను ఓదార్చలేదు, తప్పుపట్టనూ లేదు. ఆ పేరా మళ్లీ చదవమంది.

నాలందాలో ఎర్ర ఇటుకల విహారాల మధ్య తిరుగుతున్నా నా మనసు మా వంటింట్లోనే ఉంది. మన నాగార్జునకొండ శాసనాలలో కనిపించే బోధిసిరి గుర్తుకొచ్చింది. చైత్యగృహం, అంటే బౌద్ధుల పూజామందిరం, కట్టించిన ఆమె భిక్షుణి కాదు, ఉపాసిక, అంటే సంసారంలో ఉన్న స్త్రీ. ఆ చైత్యానికి రాళ్లు మోసిన కూలీలతో ఆమె ఎలా మాట్లాడేదో అనుకున్నాను.

ఇంటికి వచ్చిన మర్నాడే ఆ నాలుగు రోజుల డబ్బు ఆవిడకు ఇచ్చాను. "జ్వరంలో ఉన్నప్పుడు కోసుకోవడం నా తప్పు" అన్నాను. "పోన్లెండి అమ్మగారూ, అందరూ కోసుకునేదే కదా" అని కొంగున ముడివేసుకుంది. "అందరూ" అన్న మాట నన్ను బాధించింది. ఇప్పుడు నెలకు నాలుగు రోజులు జీతంతో సెలవు అని ముందే చెప్పుకున్నాం. జబ్బు పడితే ఆ రోజులు లెక్కలోకి రావు. పండుగ వంటలు మర్నాటికి మిగిలినవి కాకుండా, చేసిన రోజునే వేడిగా డబ్బాలో పెట్టి ఇస్తున్నాను. నీళ్ల బిందెలు మేడ మీదికి మోయించడం మానేశాను.

ఇవి చేయడం తేలికే. కష్టమైనది నోటిమాట. దానికి ఆ నేల మీదిదే మరొక బోధ నాకు ఆసరా అయింది. రాజగృహం దగ్గర అంబలట్ఠిక అనే చోట ఉన్న తన కొడుకు, భిక్షుసంఘంలో చేరిన రాహులుడిని చూడటానికి బుద్ధుడు వేణువనం నుంచే వెళ్లాడు. కాళ్లు కడుక్కున్న పాత్రలో మిగిలిన కొద్దిపాటి నీళ్లు చూపించి, తెలిసి అబద్ధమాడటానికి సిగ్గుపడనివాడి శ్రామణ్యం, అంటే సాధుజీవనం, అంతే కొంచెమని చెప్పాడు. అద్దం ఎందుకుందని అడిగి, చూసుకోవడానికే అని రాహులుడు చెప్పగానే, పని చేయబోయే ముందు, చేస్తున్నప్పుడు, చేసిన తరువాత అలాగే చూసుకోమన్నాడు: ఇది నన్ను గానీ ఇతరులను గానీ నొప్పిస్తుందా? మాటకూ తలపుకూ కూడా ఇదే పద్ధతి. తప్పు జరిగిపోతే దాచుకోకుండా వివేకవంతుల ముందు ఒప్పుకోమన్నాడు. అంట్లగిన్నెల ముందు నిలబడి చేయగల ధ్యానం ఇంతకంటే నాకు దొరకలేదు.

ఆవిడ ఆలస్యంగా వచ్చిన రోజున నా గొంతులో కోపం ముందుగా వేడిలా తెలుస్తుంది. ఆ వేడిని గుర్తుపడితే ఒక ఊపిరి ఆగి మాట్లాడగలుగుతాను. గుర్తుపట్టలేని రోజులు ఇంకా ఉన్నాయి. పోయిన వారం, చుట్టాలు వస్తున్న తొందరలో, "ఇదేనా వచ్చే వేళ?" అని గట్టిగా అనేశాను. రాత్రి కూర్చున్నప్పుడు ఊపిరికి బదులు ఆ మాటే వినిపించింది. మర్నాడు ఆవిడ గిన్నెలు కడుగుతుండగా పక్కన నిలబడి, "నిన్న నేను అలా అనకుండా ఉండాల్సింది" అన్నాను. ఆవిడ కుళాయి కట్టేసి కాసేపు నా ముఖంలోకి చూసింది. "పిల్లాడికి ఒంట్లో బాగాలేక ఆలస్యమైంది అమ్మగారూ" అని చెప్పి, మళ్లీ కుళాయి తిప్పింది.